ఎఱ్ఱకణమును కాచు ఎంజైము

హౌరాకు ఎదురుగా, హుగ్లీ నది ఆవలి ఒడ్డుననున్న కలకత్తాలోనే 1898లో రొనాల్డ్ రాస్ పక్షుల మలేరియా దోమకాటు వలన వ్యాపించునని నిరూపించెను. మనుష్యులకు వచ్చు వైవాక్స్ మలేరియాలో క్రిములు కాలేయమున దాగియుండుటచే జ్వరము తిరుగబెట్టును. వానిని నిర్మూలించుటకు ప్రైమాక్విన్ మాత్రలు 14 దినములు ఇత్తురు. మంచి మందే, కాని కొందరికి పడదు. కారణము 1956లో తెలిసినది.

మన కణములలో జి-6-పి-డి అను ఎంజైము కలదు. ఇది 515 అమైనో ఆమ్లముల గొలుసు. ఒంటి గొలుసు పనిచేయదు. రెండేసిగానో నాలుగేసిగానో జతకూడవలెను. గ్లూకోజు నుండి ఏర్పడిన ఒక పదార్థమునందలి హైడ్రోజనును ఇది ఎన్.ఎ.డి.పి. అను వాహకమునకు అందించును. దానితోనే గ్లూటాథయోన్ అను రక్షకద్రవ్యము మరల మరల సిద్ధమగును. తక్కిన కణములకు వేరు మార్గములును గలవు. ఎఱ్ఱ రక్తకణమునకు మాత్రము ఇదియే దిక్కు.

ఈ ఎంజైము కొఱవడినవారు సాధారణముగా ఆరోగ్యముగానే కనిపింతురు. ప్రైమాక్విన్ మ్రింగినప్పుడు వారి రక్తకణములు పగిలిపోవచ్చును. మూత్రము డికాక్షనువలె నల్లబడును, కండ్లు పచ్చబడును, ఆయాసము కలుగును. అప్పుడు మాత్రలు మాని వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఈ లోపము తల్లి ద్వారా కుమారునికి సంక్రమించును. అందుచే మగవారిలో అధికము. మేనమామకుగాని అన్నదమ్ములకుగాని ఇట్లు జరిగియున్నచో, మందు పుచ్చుకొనక మునుపే వైద్యునికి చెప్పుడు. రక్తపరీక్షలో తేలిపోవును. గర్భిణులకు ఈ మందు ఈయరాదు.

బట్టల పెట్టెలో వేయు కలరా ఉండలు కూడ ఇట్టివారికి హానికరములే. పసిబిడ్డల దుప్పట్లలో వానిని ఉంచకుడు.