స్ప్రింగు చెప్పేది, చెయ్యి చెప్పేది

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్లలో ముందుగా కిందికి దిగేది అటక మీది ట్రంకు పెట్టె. తర్వాత పురికొస, నవారు, స్ప్రింగు త్రాసు బయటికొస్తాయి. ఈ ఏడాది ఆ మూడింటితోనే మేము ఒక పాఠం సరిగ్గా నేర్చుకున్నాం. అంతకుముందు దాన్ని తప్పుగా నేర్చుకున్నాం.

నవంబరులో మా తరగతికి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. పాత ఊళ్లో పీడనం పాఠం ఇంకా మొదలుకాలేదు, ఇక్కడ అప్పటికే అయిపోయింది. ఇలా మధ్యలో జారిపోయిన పాఠాలు మనలో చాలామందికి ఉంటాయి. ఆ పాఠం మేము చెబుతామని నలుగురం ముందుకొచ్చాం. మొదటి రోజే ఆమె అడిగింది: "స్ప్రింగు ఎక్కువ సాగితే పీడనం ఎక్కువైనట్టేనా?"

"అవును" అన్నాం నలుగురమూ. మేడమ్ విన్నారు. తప్పని అనలేదు. "రేపు ల్యాబులో చూపించండి" అన్నారు.

మొదట స్ప్రింగు

స్టాండుకు స్ప్రింగు తగిలించి, పక్కన స్కేలు నిలబెట్టాం. బరువేమీ లేనప్పుడు ముల్లు 8.0 సెంటీమీటర్ల దగ్గర ఉంది. 50 గ్రాములు వేస్తే 9.5, 100 గ్రాములకు 11.0, 150 గ్రాములకు 12.5, 200 గ్రాములకు 14.0 వచ్చింది.

ఇక్కడే మాలో ఒకడు తికమకపడ్డాడు. "బరువు రెట్టింపైంది కదా, 9.5 కూడా రెట్టింపై 19 కావాలి కదా?" అన్నాడు. రెట్టింపయ్యేది ముల్లు చూపే అంకె కాదు, సాగుదల. మొదటి 8.0 తీసేసి చూడండి: 1.5, 3.0, 4.5, 6.0. ప్రతి 50 గ్రాములకూ సరిగ్గా 1.5 సెంటీమీటర్లు. బలం ఎంత పెరిగితే సాగుదల అంత పెరుగుతుంది. ఇదే హుక్ నియమం. ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ దీన్ని 1676లో అక్షరాలు తారుమారు చేసి ఒక పొడుపులా అచ్చువేయించాడు. 1678లో తానే విప్పి చెప్పాడు.

ఉత్సాహం ఆగక మేము ఒకేసారి కిలో బరువు తగిలించాం. తీసేశాక ముల్లు 8.0కి తిరిగి రాలేదు, 8.9 దగ్గరే ఆగిపోయింది. స్థితిస్థాపక అవధి దాటితే స్ప్రింగు పాత రూపానికి రాదు. భయపడుతూనే మేడమ్‌కు చెప్పాం. "దాచకుండా చెప్పారు, మంచిది. దీన్ని కూడా రికార్డులో రాయండి" అన్నారు.

తర్వాత చెయ్యి

మరునాడు 6 కిలోల పుస్తకాల సంచి తెచ్చాం. దాన్ని పురికొసతో కట్టి స్ప్రింగు త్రాసుకు తగిలిస్తే 6 కిలోలు చూపింది. పురికొస విప్పి నవారు పట్టీతో కట్టినా 6 కిలోలే చూపింది. స్ప్రింగుకు ఏ తేడా తెలియలేదు.

అదే సంచిని ఒక్కొక్కరం చేత్తో పట్టుకున్నాం. పురికొసతో పట్టుకున్నప్పుడు నిమిషంలోనే అరచేతిలో ఎర్రటి గాడి పడింది. నవారుతో వరండా చివరి దాకా నడిచినా ఏమీ కాలేదు.

అప్పుడు లెక్క వేశాం. 6 కిలోల భారం సుమారు 60 న్యూటన్లు. అరచేతి వెడల్పు 8 సెంటీమీటర్లు అనుకుందాం. పురికొస మందం అర సెంటీమీటరు, కాబట్టి అది తాకే వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం సుమారు 1,50,000 పాస్కల్‌లు. నవారు వెడల్పు 4 సెంటీమీటర్లు, కాబట్టి వైశాల్యం 32 చదరపు సెంటీమీటర్లు, పీడనం 18,750 పాస్కల్‌లు. బలం ఒకటే, పీడనంలో తేడా ఎనిమిది రెట్లు. (అరచెయ్యి బల్లలా చదునుగా ఉండదు కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే.)

మా "అవును" ఎక్కడ తప్పిందో అప్పుడు తెలిసింది. స్ప్రింగు సాగుదల బలం ఎంతో చెబుతుంది. ఆ బలం ఎంత చోటు మీద పడుతోందో చెప్పదు. పీడనం తెలియాలంటే రెండూ కావాలి. నీళ్ల బిందె కింద చుట్టకుదురు, రైల్వే కూలీ తలపాగా, మన బడిసంచికి వెడల్పాటి పట్టీలు భారాన్ని తగ్గించవు, పంచుతాయి. కత్తికి పదును పెట్టడం దీనికి సరిగ్గా తలకిందులు: ఉన్న బలాన్నే సన్నటి అంచు మీదికి చేరుస్తాం.

మరి స్ప్రింగుతో పీడనం కొలవలేమా?

ఈ ప్రశ్నా ఆ అమ్మాయిదే. కొలవవచ్చు, వైశాల్యం ముందే తెలిసి ఉంటే. టైర్లలో గాలి చూసే పెన్ను లాంటి గేజిలో చిన్న ముషలకం, దాని వెనక స్ప్రింగు ఉంటాయి. టైరులోని గాలి ముషలకాన్ని తోస్తుంది, స్ప్రింగు నొక్కుకుంటుంది, గీతలున్న పుల్ల బయటికొస్తుంది. ముషలకం వైశాల్యం అర చదరపు సెంటీమీటరు, స్ప్రింగు మీద బలం 10 న్యూటన్లు అనుకుంటే, బయటి గాలి కన్నా టైరులో పీడనం 2,00,000 పాస్కల్‌లు ఎక్కువ. పంపు దగ్గర చెప్పే లెక్కలో ఇది సుమారు 29.

మార్చిలో ఆ అమ్మాయి వాళ్లకు మళ్లీ బదిలీ అయింది. ఈసారి పాఠం పూర్తయ్యాకే వెళ్లింది. సామాను కట్టేటప్పుడు సాయానికి వెళ్లిన మేము పురికొస అందిస్తే, నవ్వి పక్కన పెట్టి నవారు తీసుకుంది. మేము ఆమెకు పాఠం చెప్పామనుకున్నాం కానీ, ఆ ప్రశ్న అడగకపోతే మా తప్పు మాతోనే పరీక్ష దాకా వచ్చేది.

మీరూ చేసి చూడండి

1. ఒక ఇటుకను తడి ఇసుక మీద మూడు వైపులా మార్చి మార్చి నిలబెట్టండి. ఏ వైపు లోతుగా దిగింది? ఎందుకు?
2. మా స్ప్రింగుకు, పాడవకముందు, 120 గ్రాములు వేస్తే ముల్లు ఎక్కడ ఆగి ఉండేది?
3. మీ బడిసంచి పట్టీ వెడల్పు కొలవండి. అది సగమైతే భుజం మీద పీడనం ఎంతవుతుంది?