గుండె మాట విన్న కొయ్యగొట్టం

వైద్యుని గుర్తించడానికి తెల్లకోటు అక్కరలేదు. మెడలో వ్రేలాడే స్టెతస్కోపు ఒక్కటి చాలును. కళాశాల వార్షికోత్సవ నాటకంలో డాక్టరు వేషం ధరించే విద్యార్థి సైతం అన్నింటికంటె ముందు వెదకుకొనేది దానినే. ఇంతటి ప్రసిద్ధి పొందిన ఈ పరికరం వయస్సు రెండు వందల సంవత్సరాలకు కొంచెము మాత్రమే ఎక్కువ. తెలుగు పాఠం చెప్పేవానికి దీనితో పనియేమి అని విజ్ఞానశాస్త్ర శాఖలోని నా మిత్రులు నవ్వవచ్చును. నాకు దీనితో ఉన్న సంబంధం మా ఇంటిలో జరిగిన ఒక సంఘటన వలన ఏర్పడినది. దానిని యథాస్థానంలో మనవి చేస్తాను. అంతకుముందు భాషను బోధించువాడను కాబట్టి పేరుతోనే ప్రారంభిస్తాను.

స్టెతస్కోపు అన్న పదం రెండు గ్రీకు పదాల కలయిక. మొదటిదానికి వక్షఃస్థలమని అర్థం. రెండవదానికి చూచుట, పరిశీలించుట అని అర్థం. వినడానికి పుట్టిన పరికరానికి చూచే పేరు పెట్టడం వింతగా తోచవచ్చును. కాని మన భాషలను ఒకసారి గమనించండి. తెలుగువారు నాడి చూస్తారు. ఉర్దూలోనూ ‘నబ్జ్ దేఖ్నా’ అనే అంటారు. నాడి కంటికి కనబడేది కాదు, వ్రేళ్ళకు తెలిసేది. అయినా వైద్యుడు చేసే పరీక్ష ఏదైనా ‘చూడడమే’ అని ఈ భాషలన్నీ ఒప్పుకొన్నాయి. ‘డాక్టరుగారు గొట్టం పెట్టి చూశారు’ అని మన పల్లెలలో అనే మాట గ్రీకు వ్యుత్పత్తికి అతి సమీపంలో ఉన్నది.

ఈ పరికరం రాకముందు వైద్యుని చేతిలో ఉన్న సాధనాలు తక్కువ. నాడీపరీక్ష మన ఆయుర్వేదంలోనూ, యునానీలోనూ గొప్ప శాస్త్రంగా పెరిగినది. ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో నాడి యొక్క గతులను విపులంగా వర్గీకరించాడు. గ్రీకు వైద్యుడైన హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథాలలో రోగి రొమ్ముకు చెవిని ఆనించి వినే పద్ధతి కనిపిస్తుంది. కాని రొమ్ములోపల జరిగేదేమిటో తెలుసుకొనడానికి ఒక క్రమపద్ధతి ఏర్పడినది పద్దెనిమిదవ శతాబ్దంలోనే. ఆస్ట్రియా దేశపు గ్రాట్స్ నగరంలో ఒక సత్రం యజమానికి కుమారుడుగా జన్మించిన లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగ్గర్ 1761లో ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. రొమ్మును వ్రేళ్ళతో తట్టి, వచ్చే ధ్వనిని బట్టి లోపల గాలి ఉన్నదో నీరు చేరినదో చెప్పవచ్చునని దాని సారాంశం. తండ్రి సత్రంలో పీపాలను తట్టి, ద్రవం ఎంతవరకు ఉన్నదో తెలుసుకొనడం బాల్యంలో చూచినందువలననే అతనికి ఈ ఊహ కలిగినదని చెబుతారు. మన ఇండ్లలో కుండ కొనే ముందు ఇల్లాలు వ్రేలితో కొట్టి చూడడం లేదా? అదే విద్య. అతని గ్రంథం చాలకాలం ఆదరణకు నోచుకొనలేదు. నెపోలియను చక్రవర్తికి వైద్యుడైన కోర్విసార్ 1808లో దానిని ఫ్రెంచి భాషలోనికి అనువదించి వెలుగులోనికి తెచ్చాడు. ఆ కోర్విసార్ శిష్యుడే మన కథానాయకుడు.

రెనె లెన్నెక్ 1781 ఫిబ్రవరి 17న ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతంలో కెంపేర్ పట్టణంలో జన్మించాడు. పసితనంలోనే తల్లి మరణించినది. నాంత్ నగరంలో వైద్యుడుగా ఉన్న పినతండ్రి ఇంట పెరిగాడు. బక్కపలుచని మనిషి. వేణువు వాయించడంలో అభిరుచి గలవాడు. సంగీతం తెలిసిన చెవి కావడం తరువాతి కథకు అక్కరకు వచ్చినదనే నా నమ్మకం.

1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో అతడు వైద్యుడుగా నియమితుడైనాడు. ఆ సంవత్సరం హృద్రోగ లక్షణాలతో ఒక యువతి అతని వద్దకు వచ్చినది. స్థూలకాయం వలన వ్రేళ్ళతో తట్టి చూడడం నిష్ప్రయోజనమైనది. ఆమె వయస్సును, స్త్రీ అన్న విషయాన్ని తలచి రొమ్ముకు చెవి ఆనించడానికి అతని మనస్సు అంగీకరించలేదు. అప్పుడు అతనికి ఒక సామాన్యమైన విషయం స్ఫురించినది. కొయ్యదూలం ఒక కొనను గుండుసూదితో గీకితే, రెండవ కొనకు చెవి ఆనించినవానికి ఆ చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. వెంటనే ఒక దస్తా కాగితం తీసుకొని గట్టిగా చుట్టి, ఒక కొనను ఆమె రొమ్ముపైన, మరొక కొనను తన చెవికి పెట్టుకొన్నాడు. చెవిని నేరుగా ఆనించినప్పటికంటె ఎంతో స్పష్టంగా గుండె చప్పుడు వినిపించినది.

ఈ ఘట్టాన్ని చదివినప్పుడెల్లా నాకు ఒక ఆలోచన కలుగుతుంది. ఈ ఆవిష్కరణకు మూలం మర్యాద. ఒక స్త్రీ యొక్క సంకోచాన్ని గౌరవించడానికి వైద్యుడు ఒక మూర దూరం వెనుకకు జరిగాడు. ఆ దూరమే అతనికి ఎక్కువ వినిపింపజేసినది.

తరువాత అతడు కాగితాన్ని విడిచి కొయ్యను చేపట్టాడు. సుమారు ఒక అడుగు పొడవు, ఒకటిన్నర అంగుళాల వ్యాసం, నడుమ సన్నని రంధ్రం గల గొట్టాన్ని తరిమెన పట్టే యంత్రం మీద తన చేతులతోనే తయారు చేసుకొన్నాడు. మొదట దానిని కేవలం ‘గొట్టం’ అనే పిలిచాడు.

అయితే గొట్టం తయారు చేయడం గొప్ప కాదు. అలాగైతే వడ్రంగులందరూ వైద్యులే కావలసి ఉన్నది. వినబడిన ధ్వనికి అర్థం చెప్పడం అసలైన గొప్ప. లెన్నెక్ సుమారు మూడు సంవత్సరాలు ఆసుపత్రిలోని రోగుల రొమ్ములలో వినబడిన ధ్వనులను వ్రాసుకొనేవాడు. ఆ రోగులలో మరణించినవారి శవాలను పరీక్షించి, ఏ ధ్వని వచ్చిన చోట లోపల ఏ మార్పు కలిగినదో సరిపోల్చుకొనేవాడు. నాటి పారిస్‌లో క్షయ ప్రబలంగా ఉండేది కనుక అట్టి అవకాశాలకు కొరత లేదు. ధ్వనికీ దానికి కారణమైన వికృతికీ నడుమ ఈ విధంగా అతడు ఒక నిఘంటువునే నిర్మించాడు.

అందులోని ఉపమానాలు సాహిత్య విద్యార్థులు చదువదగినవి. న్యుమోనియా ప్రారంభదశలో ఊపిరితిత్తులలో వినవచ్చే ధ్వని, వేడి పాత్రలో ఉప్పు చిటపటలాడినట్లు ఉంటుందన్నాడు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినప్పుడు రోగి మాట గొట్టంలో మేక అరుపువలె వణకుతూ వినిపిస్తుందని, దానికి మేకను తెలిపే గ్రీకు పదంతోనే పేరు పెట్టాడు. కొన్ని హృద్రోగాలలో రొమ్ముమీద చేయి వేస్తే తెలిసే అదురును పిల్లి గురగురతో పోల్చాడు. తెలియని ధ్వనిని తెలిసిన ధ్వనితో చెప్పడం తప్ప వేరు మార్గం లేదు గదా. నేటి వైద్యవిద్యార్థులు ఆ పోలికలనే ఇంకా వల్లిస్తున్నారు.

1819లో అతని గ్రంథం రెండు సంపుటాలుగా వెలువడినది. 1821లో జాన్ ఫోర్బ్స్ దానిని ఆంగ్లంలోనికి అనువదించాడు. అనువాదకుడే తన పీఠికలో, ఈ పరికరం ఎంత విలువైనదైనా వైద్యులందరి వాడుకలోనికి వస్తుందని తనకు నమ్మకం లేదని వ్రాశాడు. గంభీరుడైన వైద్యుడు గొట్టం పట్టుకొని రోగి రొమ్ముమీద వంగడం నాటివారికి హాస్యాస్పదంగా తోచినది. ఆ గ్రంథంలో పొరపాట్లు లేకపోలేదు. గుండె చేసే రెండవ చప్పుడు కర్ణికల సంకోచం వలన కలుగుతుందని లెన్నెక్ భావించాడు. అది కవాటాలు మూసుకొనే చప్పుడని 1830వ దశకంలో ఇతరులు సరిదిద్దారు.

లెన్నెక్ అంత్యదశ విషాదకరమైనది. ఏ వ్యాధిని గూర్చి అతడు అందరికంటె ఎక్కువ తెలుసుకొన్నాడో ఆ క్షయయే అతనికి సంక్రమించినది. బంధువైన మెరియాదెక్ కూడ వైద్యుడే. అతనిని పిలిచి తన రొమ్మును గొట్టంతో విని, వినబడినదానిని దాచక చెప్పమన్నాడు. ఆ వర్ణన ఎవరిదో రోగిదైతే తాను ఏమి చెప్పి ఉండేవాడో లెన్నెక్‌కు వేరే చెప్పనక్కరలేదు. 1826 ఆగస్టు 13న బ్రిటనీలోని తన ఇంటిలో నలుబది అయిదవ ఏట మరణించాడు. తన స్టెతస్కోపును మెరియాదెక్‌కు వ్రాసి ఇచ్చాడు.

తరువాతి మార్పులను త్వరగా చెప్పవచ్చును. 1851లో ఐర్లండు వైద్యుడు ఆర్థర్ లియరెడ్ రెండు చెవులతో వినే నమూనాను లండను మహాప్రదర్శనంలో ఉంచాడు. మరుసటి సంవత్సరం న్యూయార్క్‌లో జార్జ్ కామన్ దానిని వాడుకకు అనువుగా రూపొందించాడు. సాగే గొట్టాలు రావడంతో వైద్యుడు రోగిమీదికి వంగవలసిన బాధ తప్పినది. పలుచని పొర బిగించిన బిళ్ళకు 1894లో బౌల్స్ పేటెంటు పొందాడు. గంట ఆకారపు భాగాన్నీ ఈ బిళ్ళనూ ఒకే పరికరంలో చేర్చినవాడు బోస్టను వైద్యుడు స్ప్రేగ్, 1926లో. ఈ రెండింటికీ పని వేరు. బిళ్ళ హెచ్చుస్థాయి ధ్వనులను, గంట మంద్రస్థాయి ధ్వనులను బాగుగా పట్టుతాయి. 1960వ దశకంలో డేవిడ్ లిట్‌మన్ దీనిని తేలిక పరచాడు.

గర్భస్థ శిశువు గుండె చప్పుడు వినడంలోనూ ఈ గొట్టానికి ముఖ్యస్థానమున్నది. 1821లో కెర్గరాదెక్ అనే ఫ్రెంచి వైద్యుడు గర్భంలోని నీటి కదలికను వినాలని గొట్టం పెట్టి, తల్లి నాడికి రెట్టింపు వేగంతో కొట్టుకొంటున్న మరొక గుండెను విన్నాడు. 1895లో పినార్ రూపొందించిన కొమ్ము ఆకారపు గొట్టాన్ని నేటికీ అనేక దేశాల మంత్రసానులు వాడుతున్నారు.

రక్తపోటు కథ ఇంకొకటి. 1896లో ఇటలీ వైద్యుడు రీవా రోచి చేతికి గాలిపట్టీ చుట్టి రక్తపోటును కొలిచే విధానం కనిపెట్టాడు. కాని మణికట్టు నాడిని తాకి చూడడం వలన పై సంఖ్య మాత్రమే తెలిసేది. 1905లో రష్యా శస్త్రవైద్యుడు నికొలాయ్ కొరొత్కొవ్, పట్టీకి దిగువన మోచేతి మడతలో స్టెతస్కోపు పెట్టి విన్నాడు. పట్టీ బిగిసి రక్తం పూర్తిగా ఆగినప్పుడు నిశ్శబ్దం. గాలి వదలుతూ ఉండగా తట్టినట్లు మొదటి చప్పుడు వినబడినచోట పై సంఖ్య, చప్పుడు మాయమైనచోట క్రింది సంఖ్య. అతని నివేదిక ఒక పుటకైనా మించనిది. ఆ ఒక్క పుట పుణ్యాన కొలతకు రెండవ సంఖ్య కూడ దొరికినది.

ఇక గుండె. ‘లబ్’ అని మొదట వినబడేది కర్ణికలకూ జఠరికలకూ నడుమనున్న కవాటాలు మూసుకొనే చప్పుడు. ‘డబ్’ అనేది బృహద్ధమని, పుపుస ధమనుల కవాటాలు మూసుకొనే చప్పుడు. ఆరోగ్యవంతుని గుండెలో వీటి నడుమ సాధారణంగా నిశ్శబ్దం ఉంటుంది. కవాటం సన్నబడినా సరిగా మూసుకొనకపోయినా ఆ నిశ్శబ్దంలో ఒక గురగుర పుడుతుంది. మా తల్లిగారి వ్యాధి బయటపడినది ఆ గురగుర వలననే.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా అమ్మకు మెట్లెక్కితే ఆయాసం, రాత్రివేళ దగ్గు. పరపురుషుడైన వైద్యుని ఎదుట ముసుగు తొలగించడం ఆమెకు ప్రాణసంకటం. ఒక వైద్యుడు ఆమె చెప్పినది విని, గొట్టమైనా పెట్టకుండా, ఉబ్బసమని నిర్ణయించి రెండేండ్లు మాత్రలు ఇచ్చాడు. నేరం ఆయనదొక్కనిదే అనను. పెట్టనిచ్చే స్థితిలో మేమూ లేము. చివరకు ఒక వృద్ధవైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాము. ఆయన ఒత్తిడి చేయలేదు. గొట్టం చివరనున్న గంటను మా ఆపా చేతికి ఇచ్చి, “అమ్మా, నేను అటు తిరిగి కూర్చుంటాను. మీ అమ్మగారిని ఎడమ ప్రక్కకు ఒత్తిగిలి పడుకొనబెట్టి, ఎడమ రొమ్ము క్రిందుగా, బట్ట అడ్డం లేకుండా దీనిని పెట్టండి, గట్టిగా నొక్కవద్దు” అన్నాడు. గోడవైపు తిరిగి, కన్నులు మూసుకొని చాలసేపు విన్నాడు. కొంచెం ప్రక్కకు జరపమన్నాడు. మళ్ళీ విన్నాడు. తరువాత అడిగిన ప్రశ్న ఒక్కటే: “చిన్నతనంలో జ్వరం వచ్చి కీళ్ళు వాచినవా?”

వాచినవి. మా అమ్మమ్మ ఆ సంగతి ఎన్నోసార్లు చెప్పినది. చిన్నపిల్లలలో ఒక జాతి సూక్ష్మజీవుల వలన కలిగే గొంతునొప్పి, చికిత్స లేకపోతే కొందరిలో కీళ్ళవాతపు జ్వరంగా మారి గుండె కవాటాలను చెరుస్తుంది. కీళ్ళనొప్పులు కొన్ని వారాలకు పోతాయి, కవాటపు మచ్చ పోదు. అమ్మకు ద్విపత్ర కవాటం సన్నబడినది. నగరంలో ఎకోపరీక్ష చేసినవారు ఆ వృద్ధుడు చెవులతో చెప్పినదానినే తెరమీద చూపించారు. బెలూను ప్రవేశపెట్టి కవాటాన్ని వెడల్పు చేశారు. అమ్మ ఇప్పుడు మేడమెట్లు ఎక్కుతున్నది.

ఎకోపరీక్ష వచ్చిన పిమ్మట స్టెతస్కోపుతో పనిలేదని కొందరు వాదిస్తారు. కవాటం వైశాల్యాన్ని కొలిచి చెప్పడం చెవికి సాధ్యం కాదు, నిజమే. నేటి ఎలక్ట్రానిక్ స్టెతస్కోపులు ధ్వనిని పెద్దది చేసి, భద్రపరచి, కంప్యూటరుకు సైతం అందిస్తున్నాయి. కాని ఎకోపరీక్షకు పంపవలసినది ఎవరినో మొదట ఒకరు నిర్ణయించాలి గదా? రెండేండ్లు ఉబ్బసం మాత్రలు మ్రింగినవారి ఇంటివాడను కనుక ఈ విషయంలో నా పక్షపాతాన్ని దాచుకొనను.

విద్యార్థులకు ఒక మాట. లెన్నెక్ మొదటి పరికరాన్ని చేసుకొనడానికి దమ్మిడీ ఖర్చు లేదు. ఈ సంచికను చదవడం ముగిసిన తరువాత దీనినే బిగువుగా చుట్టి, నడుమ వ్రేలు పట్టేంత రంధ్రం ఉంచి, దారంతో కట్టండి. ఫ్యాను ఆపి, మిత్రుని ఎడమ రొమ్ముపైన చొక్కా తొలగించి ఒక కొన పెట్టి, రెండవ కొనకు చెవిని పూర్తిగా ఆనించండి. బట్ట రాపిడి చప్పుడునే రోగమనుకొనే ప్రమాదమున్నది కనుక చొక్కా విషయం మరువవద్దు. మొదట ఏమీ వినబడదు. ఒకటి రెండు నిమిషాలు ఓపిక పట్టండి.