నిజమైన విశ్వాసమునకు గురుతేమి?

ప్రశ్న: మా వారి వ్యాధికై ఎంత ప్రార్థించినను గుణము కనబడలేదు. నా విశ్వాసము నిజమైనది కాదేమో?
— ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: అట్లు తలంపకుఁడమ్మా. 1876–78 నాటి ఘోర క్షామమున ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున కూలి కల్పించి వేలమందిని బ్రతికించుచు, అన్నమునకై మతము స్వీకరింతురేమోయను శంకతో బాప్తిస్మములను నిలిపివేయగా, ఆ సాయము ముగిసిన పిదప, ఆశింపఁదగిన లాభమేదియు లేకున్నను తరలివచ్చినవారిలో 2,222 మంది 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందిరి. ఫలాపేక్ష తొలగినను నిలుచునదే విశ్వాసము. గెత్సేమనే తోటలో క్రీస్తు తొలగింపుమని వేఁడిన శ్రమల పాత్రయు తొలగలేదు. ఆయన తండ్రి చిత్తమునకు లోబడెను. విశ్వాసము క్రియలలో కనబడవలెనని యాకోబు పత్రిక బోధించుచున్నది. మీ భర్తకు మీరొనర్చు పరిచర్యయే ఆ క్రియ. ప్రార్థన విడువకుఁడు, వైద్యము మానకుఁడు.