చూడకుండానే తెలిసే తెలివి



కళ్లు మూసుకుని చూపుడు వేలితో ముక్కు కొనను తాకి చూడండి. తాకగలిగారు కదా? చెయ్యి ఎక్కడుందో చూడకుండానే మీకెలా తెలిసింది?

మన కండరాల లోపల కదురు ఆకారంలో, కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే గ్రాహకాలు ఉన్నాయి. కండరం ఎంత సాగింది, ఎంత వేగంగా సాగింది అనే కబురును ఇవి నరాల ద్వారా వెన్నుపాముకు, మెదడుకు పంపుతూనే ఉంటాయి. కండరాన్ని ఎముకకు కలిపే టెండాన్‌లోని గ్రాహకాలు ఎంత బలం పడుతోందో చెబుతాయి. ఈ తెలివికి ఇంగ్లండు శాస్త్రవేత్త షెరింగ్టన్ 1906లో ‘ప్రొప్రియోసెప్షన్’ అని పేరు పెట్టారు.

మన భద్రాచలం అడవి పల్లెల్లో తెల్లవారకముందే ఇప్పపూలు ఏరడానికి వెళతారు. చీకట్లో కాలికి రాయి తగిలినా అడుగు తనంతట తానే సర్దుకుంటుంది. అది ఈ కబుర్ల చలవే.

పక్షవాతం వల్ల మెదడు దెబ్బతిన్నా, చాలాకాలం షుగరు అదుపులో లేక నరాలు పాడైనా ఈ కబురు సరిగా అందదు. కాళ్లలో బలం ఉన్నా పాదం ఎక్కడ పడిందో తెలియదు. చెప్పు జారిపోయినా తెలియదు. పగలు బాగా నడిచిన మనిషి రాత్రి తూలిపోతాడు.

మా వార్డులో ఒక పెద్దాయనను కొడుకు, “పగలు నడుస్తావు, రాత్రయితే పడతావు, చూసుకుని నడవచ్చుగా నాయనా!” అని విసుక్కున్నాడు. నేను పెద్దాయనను కళ్లు మూసుకోమని, కాలి బొటనవేలిని రెండు పక్కలా పట్టుకుని పైకీ కిందికీ కదిపాను. ఎటు కదిలిందో ఆయన చెప్పలేకపోయారు. కొడుకు ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి తానే టార్చిలైటు పట్టుకుని తండ్రి పక్కన నడిచాడు.

ఇంట్లో మీరు చేయవలసినవి:

1. రాత్రి మంచం దగ్గర నుంచి మరుగుదొడ్డి వరకు వెలుతురు ఉంచండి. దారిలో బిందెలు, పీటలు పెట్టకండి.

2. నడిచేటప్పుడు పాదాలను చూసుకోమనండి. ఆ లోటును కళ్లు కొంత తీరుస్తాయి.

3. మొహం కూర్చునే కడుక్కోమనండి. నిలబడి కళ్లు మూస్తే పడిపోవచ్చు.

4. వెనుక పట్టీ ఉన్న చెప్పులు వేయించండి. షుగరు ఉన్నవారి పాదాలను రోజూ పరీక్షించండి. పుండు కనిపిస్తే వెంటనే తీసుకురండి.

5. పక్షవాతం వచ్చిన చేతిని పట్టి లాగి లేపకండి. భుజం కీలు దెబ్బతింటుంది. పడుకున్నప్పుడు ఆ చెయ్యి ఒంటి కింద నలగకుండా చూడండి.

6. నేర్పిన వ్యాయామాలు రోజూ చేయించండి. మళ్లీ మళ్లీ చేస్తేనే మెదడు తిరిగి నేర్చుకుంటుంది.

ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి కాలు పడిపోయినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

మీవారు తూలిపోవడం అశ్రద్ధ కాదు, నటన అంతకన్నా కాదు. కోపపడకుండా చెయ్యి అందించండి.