నిద్రమత్తులో వాహనం నడపటం – ఇస్లామీయ దృక్పథం

2021 ఫిబ్రవరి 14. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె నుంచి అజ్మీరుకు బయలుదేరిన మినీ బస్సు తెల్లవారుజామున సుమారు నాలుగు గంటలకు కర్నూలు జిల్లా వెల్దుర్తి సమీపంలో డివైడరు దాటి, ఎదురుగా వస్తున్న లారీని ఢీకొన్నది. 14 మంది మరణించారు. బతికి బయటపడింది నలుగురు పిల్లలే. డ్రైవరు నిద్రలోకి జారి ఉండవచ్చునని, లేదా టైరు పగిలి ఉండవచ్చునని పోలీసులు అనుమానించారు. అల్లాహ్ మృతులను మన్నించుగాక!

ఇలాంటి వార్త వినగానే ‘తఖ్దీర్’ అని నిట్టూర్చి ఊరుకుంటాం. తఖ్దీర్‌ను నమ్మటం ఈమాన్‌లో భాగమే. కాని జాగ్రత్తను వదిలేయమని ధర్మం ఎక్కడ చెప్పింది?

నమాజులో కునికిపాట్లు వస్తే మత్తు వదిలేదాకా పడుకోవాలని దైవప్రవక్త (సఅసం) బోధించారు. క్షమాపణ కోరబోయి తనను తానే శపించుకునే ప్రమాదం ఉందన్నారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అల్లాహ్ ముందు నిలబడినవాడికే ఈ ఆదేశమైతే, స్టీరింగు పట్టినవాడి సంగతేమిటి? గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. నాలుగు సెకన్లు రెప్పపడితే దాదాపు 90 మీటర్లు చూపులేని ప్రయాణమే!

ఒక రాత్రి ప్రయాణంలో దైవప్రవక్త (సఅసం) వాహనంపై కునుకుతూ పక్కకు ఒరిగారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) పక్కనే ఉండి మూడుసార్లు ఆసరా ఇచ్చారు. ఆ తరువాత ఆయన (సఅసం) దారి నుంచి పక్కకు తొలగి, నమాజు వేళను కనిపెట్టి ఉండమని సహచరులకు చెప్పి పడుకున్నారు (ముస్లిం). రాత్రి మజిలీ చేసేటప్పుడు దారి మీద ఆగవద్దన్న హదీసు కూడా ఉంది. హైవే అంచున కారు ఆపి నిద్రపోయేవారు దీన్ని గమనించాలి. పెట్రోలు బంకు, ధాబా, మస్జిద్ ఆవరణ మేలు.

తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా, మళ్ళీ మధ్యాహ్న భోజనం తరువాత శరీరం సహజంగానే నిద్ర కోరుతుంది. పాటలు, కిటికీ గాలి దాన్ని ఆపలేవు. టీ, కాఫీ పని చేయటానికి కూడా అరగంట పట్టవచ్చు. తాగి 20 నిమిషాలు పడుకోవటం ఉత్తమం. రమజానులో తరావీహ్, సహ్రీల మధ్య నిద్ర చాలనివారు, తిరుపతి నుంచి వేలూరు ఆసుపత్రికి తెల్లవారక ముందే బయలుదేరేవారు మరీ జాగ్రత్తపడాలి. ముందు సీటులోని వ్యక్తి మేలుకుని ఉండాలి. ఇంటి ఆడవాళ్ళు “కాసేపు ఆపండి” అంటే విసుక్కోరాదు.

మరో మాట. వలీమాకు అద్దె బండిలో వెళతాం. అందరికీ పరుపులు దొరుకుతాయి, డ్రైవరు మాత్రం దోమల మధ్య సీట్లోనే తెల్లవారుస్తాడు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పనినే సాధారణ పరిమితిగా పెట్టింది. పిలిచినవారు అతనికీ అన్నం, ఒక చాప, ఫ్యాను ఉన్న గది ముందే ఏర్పాటు చేయాలి.