లెక్కకు రాని ఆస్తి – మన ఊరి ఉమ్మడి భూమి

(పూర్వ విద్యార్థి, ఎం.ఏ. అర్థశాస్త్రం)



భూమి అనగానే మనకు ముందుగా గుర్తుకొచ్చేది పట్టాదారు పాసుపుస్తకం. అది ఉన్నవాళ్ళు రైతులు, లేనివాళ్ళు కూలీలు. మన హాస్టల్లో చదివినవాళ్ళలో ఎక్కువమందిమి రెండో రకం ఇళ్ళ నుంచే వచ్చాం. హాస్టల్లో చేరేటప్పుడు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రంలో మన తల్లిదండ్రుల కూలి తప్ప వేరే ఆదాయం ఉండదు. అయితే సెంటు భూమి లేని ఇంటికి భూమి నుంచి నిజంగా ఏమీ రాదా? వస్తుంది. కాకపోతే అది డబ్బు రూపంలో రాదు కనుక ఎవరూ రాయరు. రాయని ఆస్తి పోయినా ఎవరికీ తెలియదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ప్రభుత్వ భూమి – రకాలు

రెవెన్యూ భాషలో కొన్ని మాటలు మనం తప్పక తెలుసుకోవాలి. చెరువు, వాగు, డొంక, శ్మశానం వంటి ప్రజల అవసరాల కోసం వదిలిన భూమి పోరంబోకు. సాగుకు పనికొచ్చినా ఎవరికీ పట్టా కాని భూమి బంజరు. ప్రభుత్వం భూమిలేని పేదలకు డి-ఫారం పట్టా మీద ఇచ్చింది అసైన్డ్ భూమి. 1977 నాటి 9వ నంబరు చట్టం ప్రకారం ఈ భూమిని తరతరాలుగా అనుభవించవచ్చు గాని అమ్మకూడదు. 2023లో ఆ చట్టాన్ని సవరించి 20 ఏళ్ళు దాటిన పట్టాలకు షరతులతో నిషేధం సడలించారు. ఇక 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ కింద పశువుల బీళ్ళు, కల్లాలు, శ్మశానాలు, బండ్లు నిలిపే స్థలాలు, తోపులు గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. అంటే "గవర్నమెంటు భూమి" అని మనం తేలికగా అనే దానిలో చాలా భాగం ఊరి భూమే.

పుల్లరి నేర్పిన పాఠం

ఈ విషయంలో మన గుంటూరు జిల్లాకు పెద్ద చరిత్రే ఉంది. బ్రిటిషు కాలంలో పల్నాడు అడవుల్లో పశువులు మేపుకోవాలంటే పుల్లరి అనే పన్ను కట్టాలి. 1921లో పల్నాటి ప్రజలు ఆ పన్ను కట్టమని ఎదురు తిరిగారు. ఆ ఉద్యమానికి నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు బలయ్యాడు.

దీన్ని స్వాతంత్ర్య పోరాటంగా చదువుకుంటాం. అర్థశాస్త్ర పాఠంగా కూడా చదవాలి. గడ్డి ఉచితంగా ఉన్నంతకాలం ప్రభుత్వ పుస్తకంలో దాని విలువ సున్నా. పన్ను వేసిన రోజున అదే గడ్డి ఆదాయ పద్దు అయింది. పేదవాడు వాడుకుంటే విలువ లేనిది, ఖజానాకు డబ్బు వస్తే విలువైనది. నూరేళ్ళు గడిచినా ఈ చూపు పెద్దగా మారలేదు.

కూలి ఇంటి సంవత్సరం

మన ప్రాంతం పత్తి, మిరప పండే నేల. పత్తి తీతలు, మిరప కోతలు ఉన్నంతకాలం చేతినిండా పని. కోతలు అయిపోయాక తొడిమలు తీసే పని కొందరికి దొరుకుతుంది. మిగిలినవాళ్ళకు తొలకరి దాకా ఖాళీ. ఆ నెలల్లో ఇంటిని నిలబెట్టేది వాగు గట్టు మీది గడ్డి, బీడులోని సర్కారు తుమ్మ పుల్లలు, అడుగంటిన చెరువులో చేపలు. సర్కారు తుమ్మను కాల్చి బొగ్గు అమ్ముకునే కుటుంబాలు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి.

మా నాయనమ్మ కూలికి వెళ్ళి తలమీద గడ్డిమోపు లేకుండా తిరిగొచ్చిన రోజు లేదు. నా డిగ్రీ పరీక్ష ఫీజులు ఆ గడ్డి తిన్న గేదె పాల డబ్బులే.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక గేదె రోజుకు 30 రూపాయల మేత బయట మేసిందనుకుందాం. ఏడాదిలో 240 రోజులకు 7,200. రెండు గేదెలకు 14,400. పొయ్యిలోకి రోజుకు 15 రూపాయల పుల్లలు ఏరుకొస్తే ఏడాదికి 5,475. మొత్తం 19,875 రూపాయలు. ఈ రేట్లు ఉదాహరణకు వేసినవి. మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. పాల డబ్బు ఉన్న ఇల్లాలు తక్కువ కూలికి రానని చెప్పగలదు. బీడు పోతే ఆ మాట చెప్పే ధైర్యమూ పోతుంది.

రైతుకూ ఇందులో లాభం ఉంది. చెరువు మట్టి పొలానికి బలం. బీళ్ళలో మేసిన గొర్రెల మందను రాత్రి పొలంలో పెట్టించుకుంటే ఎరువు. బీడు లేకపోతే మంద రాదు, ఎరువు కొనుక్కోవాల్సిందే.

పరిశోధకులు ఏమన్నారు?

ఎన్.ఎస్. జోధా అనే ఆర్థికవేత్త ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో 82 గ్రామాలను పరిశీలించి 1986లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో మన రాష్ట్రం కూడా ఉంది. 1950ల తొలినాళ్ళ నుంచి 1980ల తొలినాళ్ళ వరకు ఉమ్మడి భూములు ఒక్కో రాష్ట్రంలో 31 నుంచి 55 శాతం దాకా తగ్గాయని ఆయన తేల్చారు. పేదల పేరుతో పంచిన ఉమ్మడి భూమిలో ఎక్కువ భాగం చివరికి పేదలు కానివారికే చేరిందని కూడా చెప్పారు. 1998లో జాతీయ నమూనా సర్వే 48 శాతం గ్రామీణ కుటుంబాలు ఉమ్మడి వనరుల నుంచి ఏదో ఒకటి తెచ్చుకుంటున్నాయని, దాని విలువ సగటున కుటుంబానికి ఏడాదికి 693 రూపాయలని లెక్కగట్టింది.

మన మంగళగిరి దగ్గర

2015లో రాజధాని అమరావతి కోసం భూసమీకరణ జరిగింది. మంగళగిరి మండలంలోని నవులూరు, కురగల్లు, నిడమర్రు, ఎర్రబాలెం వంటి గ్రామాలు అందులో ఉన్నాయి. పట్టా రైతుకు అభివృద్ధి చేసిన ప్లాట్లు, పదేళ్ళ పాటు కౌలు ప్రకటించారు. మెట్టకు ఎకరాకు ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలు. అసైన్డ్ రైతుకు మొదట ప్రకటించిన ప్లాటు పట్టా రైతు ప్లాటు కంటే చిన్నది. భూమిలేని కుటుంబానికి అప్పట్లో నెలకు 2,500 రూపాయల పెన్షన్ ప్రకటించారు.

రాజధాని మంచిదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. భూమి వాడకం మారితే భూమిలేనివాడూ నష్టపోతాడని ప్రభుత్వమే ఒప్పుకున్నదానికి ఆ పెన్షన్ సాక్ష్యం. అది మంచి విషయమే. కాని అది అందరికీ ఒకే మొత్తం. మేతకు, పుల్లకు, చేపకు అందులో విడిగా పద్దు లేదు. చెరువు, వాగు, డొంక ప్రభుత్వానివి కనుక వాటికి ప్లాటు అడిగే హక్కుదారు ఎవరూ లేరు.

మరోవైపు మంగళగిరి ఎయిమ్స్ చూడండి. పాత టి.బి. శానిటోరియం స్థలం ప్రజల ఆస్తిగా మిగిలి ఉంది కాబట్టే అక్కడ అంత పెద్ద ఆసుపత్రి కట్టగలిగారు. ఉమ్మడి భూమిని నిలుపుకోవడం అంటే రేపటి అవసరానికి దాచుకోవడం కూడా.

పంచడమా? ఉంచడమా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన కాలనీలు చాలా వరకు ఒకప్పటి పోరంబోకు మీదే వెలిశాయి. ఉమ్మడి భూమి అంతా ఖాళీ చేయాలంటే ముందుగా పోయేది మన ఇళ్ళే. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని చెబుతూనే, భూమిలేని కూలీలకు, ఎస్.సి., ఎస్.టి.లకు ప్రభుత్వం ఇచ్చినవాటిని మినహాయించవచ్చని తెలిపింది. ఈ తేడా మనం గుర్తుపెట్టుకోవాలి.

2009లో నోబెల్ పొందిన ఎలినార్ ఆస్ట్రోమ్, ఊరివాళ్ళే నియమాలు పెట్టుకుని ఉమ్మడి వనరులను శతాబ్దాల పాటు కాపాడుకోగలరని చూపించారు. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామంలో చలికాలం ఎన్ని ఆవులను మేపగలిగితే అన్నింటినే కొండ బీడుకు తోలాలన్నది నియమం. అయితే ఈ నియమం మన ఊళ్ళో పెడితే పొలం లేని ఇంటికి ఒక్క గేదె కూడా దక్కదు. నియమం ఉండాలి, కాని దాన్ని రాసే గ్రామసభలో మనవాళ్ళు కూర్చోవాలి.

మనం చేయగలిగినవి

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మూడు పనులు చేయండి.

1. మీ ఊరి పోరంబోకు భూముల సర్వే నంబర్లు, విస్తీర్ణం రాసుకోండి. 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు ఫీజు లేదు.

2. ఆ భూమిలో ఇప్పుడు ఏముందో నడిచి చూడండి. కాగితానికి, నేలకు తేడా ఎంతో రాయండి.

3. పది ఇళ్ళు తిరిగి మేత, పుల్లలు, చేపల విలువ పైన చెప్పిన విధంగా లెక్క కట్టండి.

బీడు పోయినప్పుడు మన పెద్దవాళ్ళు బాధపడ్డారు గాని, ఎంత పోయిందో కాగితం మీద చూపించలేకపోయారు. మనకు చదువు వచ్చింది. ఆ కాగితం మనం రాయగలం.