బండి మీద కోనసీమకు



కోనసీమ పేరు మీరు వినే ఉంటారు. కొబ్బరి తోటల నేల అది. మన గోపన్‌పల్లికి పనుల కోసం వచ్చిన వాళ్ళలో ఆ వైపు వాళ్ళూ ఉన్నారు. మన చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క పుట్టిల్లు అమలాపురం దగ్గరే. సంక్రాంతికి ఊరు వెళ్ళాలి. రైల్లో రెండు టిక్కెట్లే దొరికాయి. ప్రైవేటు బస్సు ధర పండగకు చెట్టెక్కి కూర్చుంది. అప్పుడు వాళ్ళాయన అన్నాడు: "బండి మీద పోదాం."

పోవచ్చు. కానీ ముందు కాగితం, పెన్ను తీసుకోవాలి.

కోనసీమ ఎక్కడ ఉంది?

గోదావరి ధవళేశ్వరం దాటాక రెండు పాయలుగా చీలుతుంది. ఒకటి గౌతమి. ఇంకొకటి వశిష్ఠ. ఈ రెండింటి మధ్య ఉన్న నేలే కోనసీమ. మూడో వైపు సముద్రం. అంటే చుట్టూ నీళ్ళే. మధ్యలో వైనతేయ అనే ఇంకో పాయ కూడా ఉంది. నది మధ్యలో మిగిలిన మెరక నేలను అక్కడ లంక అంటారు. లంకల్లో మనుషులు ఉంటారు, పంటలు పండిస్తారు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు అక్కడ బ్యారేజీ ఉంది. 2022లో కోనసీమ వేరే జిల్లా అయింది. అమలాపురం దాని ముఖ్య పట్టణం.

ఎప్పుడు వెళ్ళాలి?

నీళ్ళ మధ్య ఊరు కదా, నెల చూసుకుని వెళ్ళాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరదలు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. వరదలో లంకలకు దారులు మునిగిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు వరసగా కూలిపోయాయి. ఎన్నో వందల మంది చనిపోయారు. కొబ్బరి చెట్టు కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ ఇళ్ళ వాళ్ళు ఎలా తట్టుకున్నారో!

జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. కానీ పొద్దున్నే పొగమంచు ఉంటుంది. ముందు పోయే లారీ కూడా కనపడదు.

ఎవరు వెళ్ళాలి?

ఆ ఇంట్లో నలుగురు. అక్క, ఆమె భర్త, అత్తమ్మ, ఏడేళ్ళ బాబు. గొడవ ఇక్కడే వచ్చింది.

"బాబును మధ్యలో కూర్చోబెడదాం. రాత్రి పదింటికి బయలుదేరితే తెల్లారేసరికి ఊళ్ళో ఉంటాం" అన్నాడు ఆయన.

"కుదరదండీ" అంది అక్క. "మధ్యలో వాడు నిద్రపోతాడు. మీకూ నిద్ర వస్తుంది. లారీల మధ్య రాత్రి ప్రయాణం నాకొద్దు."

"అందరూ పోవట్లేదా?"

"అందరి సంగతీ నాకెందుకు? నా కొడుకు ఒక్కడే."

అక్క చెప్పిందే చట్టం కూడా చెబుతుంది. నడిపేవారి వెనక ఒక్కరే కూర్చోవాలి. నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాలి. వెనక కూర్చున్న ఆడవాళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది. జడ, కొప్పు ఉన్నాయని చాలామంది మానేస్తారు. కింద పడితే నేల జడను చూసి ఆగదు. జడ కిందికి వేసుకుని, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న హెల్మెట్ కొనండి.

చివరికి ఆ రెండు రైలు టిక్కెట్లూ అత్తమ్మకు, బాబుకు ఇచ్చారు. వాళ్ళు లింగంపల్లిలో ఎక్కి రాజమండ్రిలో దిగుతారు. మామయ్య వచ్చి తీసుకుపోతాడు. మొగుడూ పెళ్ళాలు బండి మీద.

దారి

గోపన్‌పల్లి నుంచి అమలాపురం సుమారు 450 కిలోమీటర్లు. ఒక్క రోజులో పోతే నడుములు విరుగుతాయి. అందుకే మొదటి రోజు విజయవాడ దాకానే. అక్కడ అక్క వాళ్ళ బంధువుల ఇంట్లో రాత్రి ఉంటారు.

మన దగ్గరున్న ఔటర్ రింగు రోడ్డు మీదికి రెండు చక్రాల బండిని రానివ్వరు. పక్కనున్న సర్వీసు రోడ్డు మీద పోవాలి, లేదా ఊళ్ళోంచి ఎల్.బి.నగర్ చేరాలి. అక్కడి నుంచి 65వ నంబరు జాతీయ రహదారి. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ, విజయవాడ. రాళ్ళకు పైన పసుపు రంగు ఉంటే అది జాతీయ రహదారి. టోలు గేటు దగ్గర మోటారు సైకిలుకు డబ్బు కట్టనక్కరలేదు.

రెండో రోజు ఏలూరు వైపు. ఏలూరు దాటాక గుండుగొలను వస్తుంది. ఇక్కడ జాగ్రత్త! దారి రెండుగా చీలుతుంది. పెద్ద రోడ్డు కొవ్వూరు వైపు పోతుంది. మనం తాడేపల్లిగూడెం, తణుకు అని రాసిన వైపు తిరగాలి. బండి నడిపే మనిషి రోడ్డు చూస్తాడు, బోర్డు చదవాల్సింది వెనకున్న అక్క. పోయినేడు ఆమె బస్సు బోర్డు చదవమని ఇతరులను అడిగేది.

సిద్ధాంతం దగ్గర వశిష్ఠ మీద వంతెన. అది దాటితే రావులపాలెం, అరటి గెలల బజారు. అక్కడ కుడి వైపు తిరిగితే కొత్తపేట, అమలాపురం.

కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూడవచ్చు. ఇంకో రోజు అంతర్వేది. అక్కడ వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. సఖినేటిపల్లి రేవులో బండిని పంటు మీద ఎక్కించి నరసాపురం దాటవచ్చు. పంటు ఎక్కాక బండి దిగి, పట్టుకుని నిలబడాలి. నది పోటు మీద ఉంటే పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాలి.

వెంట ఉండాల్సినవి

లైసెన్సు, ఆర్.సి., ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం. తేదీలు మీరే చదివి చూడండి. చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా బిగించి దోపుకోండి. బండికి చీర గార్డు ఉందా చూడండి. గంటకొకసారి దిగి కాళ్ళు చాపుకోండి. ప్రమాదం జరిగితే 108కి ఫోను చేయాలి.

ఇంకో మాట. మీరే బండి నేర్చుకోవచ్చు. సొంత బండి నడిపే లైసెన్సుకు ఇంత చదివి ఉండాలన్న నియమం లేదు. గేర్ల బండికి 18 ఏళ్ళు నిండితే చాలు.

లెక్క చేయండి

1. పోను 450, రాను 450, అక్కడ తిరగడానికి 150 కిలోమీటర్లు. మొత్తం ఎంత?

2. బండి లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తుంది. ఎన్ని లీటర్లు కావాలి?

3. లీటరు 110 రూపాయలు అనుకుందాం. పెట్రోలు ఖర్చు ఎంత? (జవాబు 2,310 రావాలి.)

4. మీ పుట్టింటికి దారిలో వచ్చే ఊళ్ళ పేర్లు వరసగా రాయండి.